వైరల్ జ్వరంతో చేరిన మనిషికి సెప్టిక్ షాక్ ఎలా వస్తుంది, ఎవరికి వస్తుంది

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. గాజువాకలో ఉండే మీ నాన్నగారికి 66 ఏళ్లు, పదిహేనేళ్లుగా షుగర్, బీపీ. జ్వరం, దగ్గుతో ఆస్పత్రిలో చేర్చారు. పరీక్షలో ఫ్లూ అని తేలింది. నాలుగో రోజుకి జ్వరం దిగి, లేచి కూర్చుని ఇడ్లీ తిన్నారు. ఇక ఇంటికి పంపేస్తారనుకున్నారు. ఆరో రోజు రాత్రి మళ్లీ చలి, జ్వరం, ఆయాసం, మాటలో పొంతన లేకపోవడం. తెల్లారేసరికి ఐసీయూ, మర్నాటికి ఆయన లేరు. కాగితం మీద సెప్టిక్ షాక్ అని రాశారు. వైరస్‌తో చేరిన మనిషికి ఇది ఎక్కడి నుంచి వచ్చింది, మేం చూడకుండా వదిలేసింది ఏమైనా ఉందా, అమ్మకీ షుగరే కదా, ఆమె సంగతేంటి అని అడిగారు.

నేను విశాఖలో ఐసీయూ పనిలో 20 ఏళ్లకు పైగా ఉన్నాను. మీ నాన్నగారి కేస్ షీట్ చూడలేదు కాబట్టి ఆ రాత్రి ఎవరు ఏం చేయాల్సింది అన్నది నేను చెప్పలేను. అయితే మీరు చెప్పిన వరస, అంటే తగ్గడం, తేరుకోవడం, రెండు రోజుల్లో ఒక్కసారిగా పడిపోవడం, నేను చాలాసార్లు చూసిందే. దాని గురించి తెలిసినంతా చెబుతాను.

ముందు ఆ మాటకి అర్థం. ఇంట్లోవాళ్లకి మేం ‘రక్తంలో ఇన్ఫెక్షన్ చేరింది’ అని చెబుతాం. అది సగమే నిజం. సెప్సిస్ అంటే ఇన్ఫెక్షన్‌ని ఎదుర్కోవడంలో శరీరం అదుపు తప్పి సొంత అవయవాలనే దెబ్బతీసుకోవడం. 2016లో అంతర్జాతీయ నిపుణులు కలిసి ఇచ్చిన నిర్వచనం ఇదే. రక్తనాళాలు సడలిపోతాయి, వాటి గోడల నుంచి నీరు బయటికి కారిపోతుంది, బీపీ పడిపోతుంది. సరిపడా సెలైన్ ఎక్కించాక కూడా సగటు బీపీని 65 దగ్గర నిలబెట్టడానికి మందు కావాల్సి వచ్చి, రక్తంలో లాక్టేట్ (అవయవాలకి ఆక్సిజన్ చాలనప్పుడు పెరిగే పదార్థం) 2 దాటి ఉంటే దాన్ని సెప్టిక్ షాక్ అంటాం. అంతవరకూ వెళ్లినవాళ్లలో నూటికి 40 మందికి పైగా ఆస్పత్రిలోనే చనిపోతారని ఆ నిర్వచనం వెనకున్న లెక్కలు చెబుతున్నాయి. మంచి ఐసీయూలో, మంచి డాక్టర్ల చేతిలో కూడా మనుషులు పోయే జబ్బు ఇది. ఈ మాట మీకు ముందే తెలియాలి.

వైరస్ ఒక్కటే ఈ పని చేయగలదా అంటే, చేయగలదు. కోవిడ్‌లో చూశాం, తీవ్రమైన ఫ్లూలోనూ చూస్తాం. కానీ ఫ్లూతో చేరి, కాస్త కోలుకుని, మళ్లీ పడిపోయినప్పుడు మా మనసు ముందుగా బాక్టీరియా వైపే వెళుతుంది. మన ఊపిరితిత్తుల దారుల్లో లోపలి పొర మీద సన్నటి నూగు ఉంటుంది. అది కఫాన్నీ మురికినీ పైకి ఊడ్చేస్తూ ఉంటుంది. ఫ్లూ వైరస్ ఆ పొరని ఒలిచేస్తుంది. లోపల కాపలా ఉండే కణాలు కూడా కొన్నాళ్లపాటు మందగిస్తాయి. మన ముక్కులో, గొంతులో మామూలు రోజుల్లో ఏ హానీ చేయకుండా ఉండే న్యుమోకోకస్, స్టెఫిలోకోకస్ లాంటి బాక్టీరియా అదే అదనుగా కిందికి దిగుతాయి. మూలిగే నక్క మీద తాటికాయ పడ్డట్టు అవుతుంది. 1918 నాటి ఫ్లూలో చనిపోయినవాళ్ల ఊపిరితిత్తుల నమూనాలను తర్వాతి కాలంలో మళ్లీ పరీక్షిస్తే, ఎక్కువమందిని తీసుకుపోయింది ఇలా వెనక వచ్చిన బాక్టీరియా న్యుమోనియానే అని తేలింది. అప్పటికి యాంటీబయాటిక్స్ లేవు. ఇప్పుడున్నాయి, కానీ అవి పనిచేయాలంటే ఆ రెండో దెబ్బని గంటల్లో పట్టుకోవాలి.

అందుకే నా జూనియర్లకి ఒకటే చెబుతాను. జ్వరం తగ్గి మళ్లీ వచ్చిందంటే అది పాత జ్వరం కాదు, కొత్త కేసు కింద లెక్క. మళ్లీ ఎక్స్‌రే, మళ్లీ రక్తపరీక్షలు, యాంటీబయాటిక్ మొదలుపెట్టే ముందు బ్లడ్ కల్చర్లు, అంటే రక్తంలో ఏ బాక్టీరియా ఉందో పెంచి చూసే పరీక్షలు. ‘వైరల్ కదా, అలాగే ఉంటుంది’ అనే మాట ఆ రోజు పనికిరాదు.

ఇక ఎవరికి ఎక్కువ ప్రమాదం అన్నది. వయసు 65 దాటినవాళ్లు, ఏడాది నిండని పిల్లలు, గర్భిణులు, కాన్పై రెండు వారాలు దాటని తల్లులు, కిడ్నీ జబ్బుతో డయాలసిస్ మీద ఉన్నవాళ్లు, లివర్ చెడిపోయినవాళ్లు, కీమో తీసుకుంటున్నవాళ్లు, గుండె బలహీనంగా ఉన్నవాళ్లు, ఏళ్ల తరబడి పొగతాగి ఊపిరితిత్తులు పాడైనవాళ్లు. ఈ జాబితా మీకు ఎక్కడైనా దొరుకుతుంది. వీటిలో రెండుమూడు ఒకే మనిషిలో కలిస్తే ప్రమాదం బాగా పెరుగుతుంది. రోజూ మద్యం తాగే అలవాటుని మాత్రం మనవాళ్లు చెప్పకుండా దాస్తారు. దయచేసి చెప్పండి. ఇన్ఫెక్షన్ ఎంత దూరం వెళుతుందన్నది దాని మీద చాలా ఆధారపడి ఉంటుంది.

షుగర్ గురించి మాత్రం వివరంగా చెప్పాలి, మీ ఇంటికి సంబంధించింది అదే కాబట్టి. రక్తంలో చక్కెర ఎక్కువగా ఉన్నంతకాలం తెల్లకణాలు చురుగ్గా కదలవు, బాక్టీరియాని మింగి చంపే శక్తి తగ్గుతుంది. జ్వరం వస్తే షుగర్ ఇంకా పెరుగుతుంది. రెండూ ఒకదాన్నొకటి ఎగదోసుకుంటాయి. పదేళ్లు దాటిన షుగర్‌లో కిడ్నీలు అప్పటికే కొంత దెబ్బతిని ఉండవచ్చు, నరాలు మొద్దుబారి ఉండవచ్చు. మామూలు మనిషిలో కనిపించే హెచ్చరికలు వీళ్లలో ఆలస్యంగా, పలచగా కనిపిస్తాయి. పెద్ద వయసులో జ్వరం అసలు రాకపోవచ్చు కూడా. ఒళ్లు చల్లబడి 36 డిగ్రీల సెల్సియస్ కంటే దిగువకి వెళ్లడం జ్వరం కంటే చెడ్డ గుర్తు. పారాసిటమాల్ ఆరు గంటలకోసారి పడుతుంటే ఉన్న జ్వరం కూడా కనిపించదు.

దీని గురించి నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. కొన్నేళ్ల కిందట వర్షాకాలంలో, భీమిలి వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ, ఫ్లూతో వార్డులో ఉన్నారు. డెబ్బై దాటిన మనిషి, షుగర్, బీపీ. రాత్రి రౌండ్స్‌లో చార్టు చూశాను. బీపీ 108/64, నాడి 84. బాగానే ఉందనుకుని పక్క మంచం దగ్గరికి వెళ్లిపోయాను. ఆవిడ కూతురు నా వెనకే వచ్చి, ‘డాక్టరుగారూ, మా అమ్మకి మాత్రలు వేసుకున్నా సరే 150 కంటే ఎప్పుడూ తగ్గదండి’ అంది. వెనక్కి తిరిగి వెళ్లాను. దుప్పటి పక్కకి తీసి చూస్తే మోకాలిచిప్పల చుట్టూ ఊదారంగు గీతలు, వల పరిచినట్టు. వేలి కొసని గట్టిగా నొక్కి వదిలాను. తెల్లబడిన చోట రంగు రావడానికి ఐదు అంకెలు లెక్కపెట్టాల్సి వచ్చింది. మూడు దాటితేనే అనుమానించాలి. మంచం కింద యూరిన్ బ్యాగులో నాలుగు గంటలకి 60 మిల్లీలీటర్లే ఉంది. నాడి ఎందుకు పెరగలేదంటే ఆవిడ రోజూ మెటోప్రొలాల్ వేసుకుంటారు. అది గుండె వేగాన్ని పట్టి ఉంచుతుంది. లాక్టేట్ పంపితే 4 దాటి వచ్చింది. నిర్వచనం ప్రకారం ఇంకా షాక్ కాదు, కానీ ఒళ్లు అప్పటికే షాక్‌లోకి జారుతోంది. ఆవిడ బతికారు. బతకడానికి కారణం చార్టు కాదు, తల్లికి మామూలుగా ఎంత బీపీ ఉంటుందో తెలిసిన కూతురు. ఆ రాత్రి నుంచి ప్రతి పేషెంటు షీటు మీదా ‘ఇంట్లో మామూలు బీపీ ఎంత’ అని రాయిస్తున్నాను.

ప్రమాదం ఒంట్లోనే కాదు, ఆస్పత్రిలో కూడా ఉంటుంది. ఇది ఎవరినీ నిందించడానికి చెప్పడం లేదు. ఒంట్లోకి వెళ్లే ప్రతి పైపూ బాక్టీరియాకి ఒక దారి. యూరిన్ పైపు, మెడలో వేసే సెంట్రల్ లైన్, చేతికి ఉన్న సెలైన్ సూది, వెంటిలేటర్ ట్యూబు. ఎన్ని రోజులు ఉంటే అంత ప్రమాదం. వెంటిలేటర్ పెట్టిన 48 గంటల తర్వాత వచ్చే న్యుమోనియాని వేరే పేరుతోనే పిలుస్తాం, ఎందుకంటే దానికి కారణమయ్యే క్లెబ్సియెల్లా, ఎసినెటోబాక్టర్ లాంటివి మామూలు యాంటీబయాటిక్స్‌కి లొంగవు. మన దేశంలో ఈ లొంగని బాక్టీరియా సమస్య చాలా తీవ్రంగా ఉంది. ప్రతి వైరల్ జ్వరానికీ మెడికల్ షాపులో అజిత్రోమైసిన్, సెఫిక్సిమ్ కొనుక్కుని మూడు రోజులు మింగడం కూడా ఇందుకు ఒక కారణం. వైరస్ మీద అవి పనిచేయవు. మనలో ఉన్న బాక్టీరియాకి మాత్రం ఆ మందులను తట్టుకోవడం నేర్పుతాయి.

కాబట్టి మంచం దగ్గర ఉన్నవాళ్లు అడగాల్సిన మంచి ప్రశ్న ఒకటుంది. ‘సిస్టర్, ఈ యూరిన్ పైపు ఇవాళ కూడా అవసరమా?’ మర్యాదగా, రోజూ అడగండి. అడిగితే ఎవరూ కోప్పడకూడదు, కోప్పడినా అడగండి. సూది పెట్టినచోట ఎర్రగా, వాచి, నొప్పిగా ఉంటే వెంటనే చూపించండి. పరామర్శకి వచ్చే చుట్టాలని తగ్గించండి. వచ్చినవాళ్లతో చేతులు కడిగించండి.

స్టెరాయిడ్ల గురించి కూడా. 2020లో బ్రిటన్‌లో జరిగిన పెద్ద పరిశోధనలో, ఆక్సిజన్ అవసరమైన కోవిడ్ పేషెంట్లకి డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ప్రాణం నిలిపిందని తేలింది. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకి మేలు కనబడలేదు. మనవాళ్ల దగ్గరకి వచ్చేసరికి మొదటి సగం మాత్రమే మిగిలింది. 2021 రెండో వేవ్‌లో షుగర్ ఉన్నవాళ్లు, అవసరానికి మించి స్టెరాయిడ్లు పడినవాళ్లు బ్లాక్ ఫంగస్‌తో వరసకట్టిన రోజులు నేను మర్చిపోలేను. కళ్లు తీసేయాల్సి వచ్చిన మనుషులు గుర్తున్నారు. ఫ్లూకి స్టెరాయిడ్లు మామూలుగా ఇవ్వకూడదు. ఆస్తమా లాంటి వేరే కారణం ఉంటే అది వేరే సంగతి. సెప్టిక్ షాక్ వచ్చాక, మందులకి బీపీ నిలవనప్పుడు తక్కువ మోతాదులో హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్ మేమే ఇస్తాం. మందు ఒకే రకానిదైనా ఎప్పుడు, ఎవరికి, ఎంత అన్నది తేడా. ఊళ్లో ఎవరో ‘జ్వరం ఒక్క పూటలో దించేస్తా’ అని ఇంజక్షన్ చేస్తే, అందులో ఏముందో అడిగి కాగితం మీద రాయించుకుని రండి. చాలా సందర్భాల్లో మాకు ఆ కాగితం స్కానింగ్ కంటే ఎక్కువ ఉపయోగపడుతుంది.

మన ప్రాంతంలో మరో చిక్కు ఉంది. ‘వైరల్’ అని ముద్రపడిన జ్వరాలన్నీ వైరల్ కావు. అరకు, పాడేరు కొండల వైపు వెళ్లివచ్చినవాళ్లలో, పొలాల్లో, తుప్పల్లో పనిచేసేవాళ్లలో స్క్రబ్ టైఫస్ వస్తుంది. నగరం అంచుల్లో పొదలున్న చోట్ల కూడా రావచ్చు. కంటికి సరిగా ఆనని ఒక చిన్న పురుగు కుడితే వచ్చే జ్వరం అది. చంకలో, గజ్జల్లో, నడుము దగ్గర, ఆడవాళ్లకి రొమ్ము కింద, సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి చెక్కు కట్టిన మచ్చ ఉండవచ్చు. నొప్పి ఉండదు కాబట్టి పేషెంటుకే తెలియదు. దీనికి డాక్సీసైక్లిన్ అనే చవకైన మందు ఉంది. అది పడకుండా సెఫ్‌ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ ఎన్ని బాటిళ్లు ఎక్కించినా లాభం లేదు. వారం దాటితే ఊపిరితిత్తులు, కిడ్నీలు దెబ్బతిని షాక్‌లోకి వెళ్లగలదు. అందుకే జ్వరం కేసుల్లో బట్టలు పక్కకి జరిపి ఒళ్లంతా చూడమని పట్టుబడతాను. స్నానం చేయించేటప్పుడు మీరు కూడా చూడండి.

డెంగీ షాక్ దారి వేరు. అందులో ప్లాస్మా, అంటే రక్తంలోని నీటి భాగం, నాళాల నుంచి కారిపోవడం ప్రధానం. అది జరిగేది జ్వరం దిగే సమయంలో, జబ్బు మొదలైన 3 నుంచి 7 రోజుల మధ్య. ‘జ్వరం తగ్గింది’ అని ఇంటికి వెళ్లిపోయే రోజే అసలు ప్రమాదపు రోజు. అందరూ ప్లేట్‌లెట్లు లెక్కపెడుతూ కూర్చుంటారు. నేను ముందు చూసేది హెమటోక్రిట్ (రక్తం ఎంత చిక్కబడిందో చెప్పే అంకె) పెరుగుతోందా, కడుపులో నొప్పి ఉందా, వాంతులు ఆగుతున్నాయా, బీపీలో పై అంకెకీ కింది అంకెకీ తేడా 20కి పడిందా అన్నది. 100/80 చూడ్డానికి బాగుంటుంది, కానీ డెంగీలో అది షాక్. సెప్టిక్ షాక్‌లో మొదటి 3 గంటల్లో కిలో బరువుకి 30 మిల్లీలీటర్ల చొప్పున సెలైన్ ఎక్కించమని సూచన ఉంది. డెంగీలో దాన్ని గుడ్డిగా పాటిస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. అక్కడ కొలిచి, చూసి, మళ్లీ కొలిచి ఇవ్వాలి.

మీరు గమనించాల్సిన గుర్తుల సంగతికొస్తాను. అన్నిటికంటే ముందు చెప్పేది ఊపిరి. మనిషి పడుకుని ఉన్నప్పుడు, ఆయనకి తెలియకుండా, గుండె మీద దుప్పటి ఎన్నిసార్లు లేస్తోందో ఒక నిమిషం నిండా లెక్కపెట్టండి. 22, ఆ పైన ఉంటే సిస్టర్‌కి చెప్పండి. చార్టుల్లో చాలాచోట్ల అందరికీ 18 అనో 20 అనో రాసి ఉంటుంది, దాన్ని నమ్ముకోకండి. తర్వాత మాట. చీకటిపడ్డాక అమ్మని ‘అత్తా’ అని పిలవడం, ఇంట్లోనే ఉన్నాననుకోవడం, ఎప్పుడూ వాగే మనిషి ముడుచుకుపోవడం. దాన్ని ‘నిద్రలేక’ అని సర్దిచెప్పుకుంటాం. ఆ తర్వాత మూత్రం. ఆరు గంటలుగా పోయలేదంటే చెప్పాల్సిందే. వైజాగ్ ఉక్కపోతలో చెమట పడితే ఎవరం అనుమానించం, కానీ ఏసీ వార్డులో, దుప్పటి కింద చేతులు చల్లగా, చెమటతో జిగటగా ఉన్నాయంటే ఆగకండి. ‘ఏదో తేడాగా ఉన్నాడండీ’ అని ఇంట్లోవాళ్లు అన్నప్పుడు నేను ఆ మాటని ఒక పరీక్ష ఫలితంలా తీసుకుంటాను. మీరు చెప్పినా ఎవరూ రాకపోతే డ్యూటీ డాక్టర్‌ని పేరుతో పిలిపించండి. ‘బీపీ ఇప్పుడు కొలిచి చూపించండి, లాక్టేట్ పంపుతారా’ అని అడగండి.

షాక్ అని అనుమానం వచ్చాక పని గంట లెక్కన నడుస్తుంది. కల్చర్లు తీసి, గంటలోపు యాంటీబయాటిక్, సెలైన్, దానికి బీపీ నిలవకపోతే బీపీ పెంచే మందు నార్‌అడ్రినలిన్. ఐసీయూ మంచం కోసం ఆరిలోవ నుంచి జగదాంబ దాకా నాలుగు ఆస్పత్రులు తిరగాల్సి వస్తే, మొదటి ఆస్పత్రిలోనే మొదటి డోసు వేయించుకుని కదలండి. దారిలో పోయే సమయం మందు పడ్డాక పోవడం వేరు, పడకుండా పోవడం వేరు.

ఇప్పుడు మీరు అసలు అడిగింది. ఆరో రోజు రాత్రి మాట తడబడుతుంటే కలవరిస్తున్నారనుకున్నామని, తెల్లారేదాకా ఆగామని రాశారు. అమ్మా, నాలుగో రోజు ఇడ్లీ తిన్న మనిషిని చూసి ఎవరైనా అలాగే అనుకుంటారు. 20 ఏళ్లు ఇదే పనిలో ఉన్న నేను 108/64 చూసి పక్క మంచానికి వెళ్లిపోయాను. ఫ్లూ తర్వాత స్టెఫిలోకోకస్ న్యుమోనియా వస్తే ఒక్క రాత్రిలో ఊపిరితిత్తులని తినేస్తుంది. ఆ గంటల్లో పట్టుకున్నా కూడా 66 ఏళ్ల వయసు, పదిహేనేళ్ల షుగర్ ఉన్న మనిషి నిలబడేవారని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఆ రాత్రిని మీరు మీ తప్పుగా మోయకండి. మనసు ఊరుకోకపోతే డిశ్చార్జ్ సమ్మరీ, కల్చర్ రిపోర్టుల నకళ్లు రాసి అడిగి తీసుకోండి. మీకు తెలిసిన ఫిజీషియన్ పక్కన కూర్చుని చదివించుకోండి. కల్చర్‌లో ఏ బాక్టీరియా వచ్చిందో చూస్తే, గొంతులోంచి దిగినదా, ఆస్పత్రిలో అంటినదా అన్నది చాలావరకు తెలుస్తుంది.

అమ్మగారి సంగతి. ఏటా ఫ్లూ టీకా, డాక్టర్‌ని అడిగి న్యుమోకోకల్ టీకా వేయించండి. మూడు నెలల షుగర్ సగటు ఎంతుందో ఇప్పుడే చూపించుకోండి. ఈసారి ఫ్లూ లాంటి జ్వరం వస్తే వారం ఆగొద్దు. ఫ్లూ వైరస్ మీద పనిచేసే ఒసెల్టమివిర్ మొదటి 48 గంటల్లో పడితే ఎక్కువ మేలు, ఆస్పత్రిలో చేరాల్సినంత జబ్బయితే ఆ గడువు దాటినా ఇస్తాం. ఆమె వేసుకునే షుగర్ మాత్రల్లో డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ ఉన్నాయేమో చూడండి. వాంతులవుతూ, తిండి సయించని రోజుల్లో అవి కొనసాగిస్తే షుగర్ పెద్దగా పెరగకుండానే రక్తంలో ఆమ్లం చేరే ప్రమాదం ఉంది. అలాంటి రోజున అవీ, మెట్‌ఫార్మినూ, బీపీ మాత్రలూ వేయాలా ఆపాలా అన్నది ఫోన్ చేసి డాక్టర్‌ని అడగండి. ఇన్సులిన్ వాడుతుంటే మాత్రం సొంతంగా ఆపకండి.

ఇంకొక పని. వారం రోజులు పొద్దున్నే, కాఫీకి ముందు ఆమె బీపీ, నాడి కొలిచి ఒక కాగితం మీద రాయండి. కింద మందుల పేర్లు, మోతాదులు, పడని మందులు, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) ఎంతుందో రాసి, దాని ఫొటో మీ ఫోన్లో, మీ తమ్ముడి ఫోన్లో ఉంచండి. అర్ధరాత్రి 108 ఎక్కాల్సి వస్తే, క్యాజువాలిటీలో కూర్చున్న డాక్టర్‌కి ముందు ఆ ఫొటో చూపించండి.